ఎనిమిది నెలల పాలు

ఐన్ రతీబా
2019 ఏప్రిల్ 3

ఉమ్‌హనీ అక్కకి తమ్ముడు మర్జూక్ సలాములు.

నీ చెవులు పూర్తిగా పోయాయని మేనల్లుడు చెప్పాడు. పోతే పోయాయిలే. డెబ్బై ఎనిమిదేళ్ళు విన్నావు, అందులో వినదగ్గది ఎంతని? ఇకమీదట ఫోన్లో నేను అరవడం, నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, పక్కింటివాళ్ళు గోడెక్కి నవ్వడం ఉండవు. ఉత్తరాలు రాసుకుందాం. స్ఫాక్స్ టాక్సీ నడిపే జల్లూల్ చేతికిస్తే సాయంత్రానికల్లా నీ గుమ్మంలో పడేస్తాడు. వాడు చదివేస్తాడని భయం లేదు, ట్రాఫిక్ బోర్డులే చదవడు.

నా చేతిరాత చూసి నవ్వకు. నువ్వు డిస్పెన్సరీలో నర్సమ్మ దగ్గర నేర్చుకున్నావు. నేను సార్డీన్ చేపల డబ్బాల మీద నేర్చుకున్నాను. నేను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం "ఎండ తగలని చోట ఉంచవలెను". అది మనవాళ్ళ గురించే రాశారని చాలాకాలం అనుకున్నాను, అంత నల్లగా ఉన్నాం కదా.

సరే, విషయానికొస్తాను. మొన్న శుక్రవారం నమాజయ్యాక పెద్దింటి హాజీ అమ్మార్ కొడుకు మన ఇంటికొచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో మిఠాయి పెట్టె. నేను వాకిట్లో డోలు బిగించుకుంటున్నాను. ఆ ఇంటివాళ్ళు మన ఇంటికి ఎందుకొస్తారు? ముత్తాతల కాలం నుంచి ఒకటే పని.

"పెళ్ళి ఏ నెలలో నాయనా? తోలు మార్పించాలి, ముందే చెప్పాలి కదా," అన్నాను.

"డోలు కోసం రాలేదు తాతా."

"సన్నాయి వాడి కోసమైతే వెతుక్కోండి. మావాడికి పళ్ళన్నీ ఊడిపోయాయి, ఊదితే గాలే వస్తోంది."

"కాదు తాతా. రబాబ్ కోసం వచ్చాను."

"రబాబ్ డోలు వాయించదు నాయనా. గాబెస్ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది."

అప్పుడు చూశానక్కా వాడి చెవులు. దానిమ్మ పువ్వుల్లా అయిపోయాయి. డోలు నా ఒళ్ళోంచి జారి దొర్లుకుంటూ వెళ్ళి కోళ్ళ గూటికి తగిలింది. పిల్లాడు ఆ స్కూల్లోనే సైన్సు చెబుతాడట. రెండేళ్ళుగా ఒకే బస్సులో వెళ్తున్నారట. నా మనవరాలు తలుపు వెనక నిలబడి ఊపిరి బిగపట్టింది. అది దాక్కుంటే పరదా కదులుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే.

ఆ ఇంట్లో ముప్పై ఒక్క పెళ్ళిళ్ళకి డోలు వాయించాను. ముప్పై ఒక్కసార్లూ పెరటి గుమ్మంలోంచే వెళ్ళాను, అందరి భోజనాలూ అయ్యాక గాడిదల పాక పక్కన కూర్చుని తిన్నాను. వాళ్ళ ముత్తాత మన ముత్తాతని సంతలో కొన్నాడు. ఇప్పుడు వాళ్ళ పిల్లాడు మిఠాయి పెట్టె పట్టుకుని మన పిల్లనిమ్మని అడిగాడు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక టీ పెట్టాను.

అబ్బాయి నాకు నచ్చాడు. సాలెంకీ నచ్చాడు, కాకపోతే కూతురి విషయంలో నీ మేనల్లుడు నాకంటే ముందు నోరు తెరవడు. నువ్వేమంటావు?

తలుపు వెనక పరదా కదులుతుండగా రాస్తున్న
నీ తమ్ముడు.


స్ఫాక్స్
ఏప్రిల్ 12

ఒరే మర్జూక్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు నవ్వాను. మూడోసారి నవ్వు రాలేదు.

వద్దురా. పిల్లని ఆ గుమ్మం తొక్కనివ్వకు. మన జౌహర్ గుర్తున్నాడా? పెదనాన్న కొడుకు. పెద్దింటి పక్కింటివాళ్ళ అమ్మాయిని చూసి నవ్వాడని పొలంలో చెట్టుకి కట్టేశారు. మర్నాడు వాడు లిబియా లారీ ఎక్కాడు, మళ్ళీ కనపడలేదు. పెదనాన్న చనిపోయేదాకా ఆ రోడ్డుకేసే కూర్చున్నాడు.

నువ్వనేది నాకు తెలుసు. అది ఎప్పటి మాట, ఇప్పుడు కాలం మారింది, కొత్త చట్టం వచ్చింది, మనల్ని 'వసీఫ్', అదే బానిస, అని పిలిస్తే జైలు అంటావు. వచ్చిందిలే. చట్టం ట్యూనిస్‌లో ఉంటుంది. పెద్దిల్లు నీ గుమ్మానికి ఎదురుగా ఉంటుంది.

వాళ్ళు మన పిల్లకి ముందు గుమ్మం తీస్తారు, వంటింటి గుమ్మంలోంచి పంపేస్తారు. రబాబ్‌కి బుద్ధి చెప్పు. ఎండు ఆక్టోపస్ పంపుతున్నాను. బాగా నానబెట్టు, నీకు మిగిలినవి నాలుగు పళ్ళు.

ఉమ్‌హనీ.


ఐన్ రతీబా
ఏప్రిల్ 30

అక్కా,

ఆక్టోపస్ అందింది. రెండ్రోజులు నానబెట్టినా మన పెద్దింటి హాజీలాగే మెత్తబడలేదు.

నువ్వు వద్దన్నావు. నేను సరేనన్నాను, అదీ పిల్లాడితో. తప్పు నాదే కాదు, రబాబ్‌ది కూడా. "తాతా, మీరు ముప్పై ఒక్క పెళ్ళిళ్ళు వాయించారు. ఒక్క పెళ్ళిలో కూర్చోలేరా?" అంది. కూర్చుంటానని మాటిచ్చేశాను.

ఒక సంగతి చెప్పనా? నాకు ఓర్పు అయిపోయింది, ఆశ మాత్రం ఉంది. మనవాళ్ళు ఈ రెండూ ఒకటే అనుకుంటారు. నాన్న అంత ఓర్పుగల మనిషిని చూశావా? పెద్దింటి పదేళ్ళ పిల్లాడినైనా "సీదీ, నా దొరా" అనే పిలిచేవాడు. ఆశ మాత్రం గింజంత ఉండేది కాదు. నేను బళ్ళో వెనక బల్ల మీద కూడా కాదు, కిటికీ బయట నిలబడి విన్నాను. నా కొడుకు వెనక బల్ల మీద కూర్చున్నాడు. నా మనవరాలు బల్లలకి ఎదురుగా నిలబడి పాఠం చెబుతోంది. ఇది నడకే కదా? నెమ్మది నడకే, కాదనను. ట్యూనిస్ ఏలిన బే దొర బానిసల్ని వదిలేయమని హుకుం వేసి నూట డెబ్బై మూడేళ్ళైంది. ఆ హుకుం గాడిద మీద బయల్దేరినట్టుంది, ఇంకా మన వీధికి చేరలేదు.

సరే, ఏం జరిగిందో విను. హాజీ అమ్మార్ తాను రాలేదు, ఇమామ్ షేక్ బూరావీని పంపాడు. షేక్ మంచివాడే, ఇబ్బందిగా గొంతు సవరించుకుని అన్నాడు: "మర్జూక్, ఈ పెళ్ళి కుదరదు. హాజీ గారి పిల్లాడు పసివాడిగా ఉన్నప్పుడు మీ ఆవిడ తిబ్రా పాలు తాగాడట. వాడు మీ ఇంటి పాలబిడ్డ."

నీకు తెలుసు కదా, పాలిచ్చిన తల్లి తల్లే. పిల్లాడు తిబ్రా పాలు తాగి ఉంటే నా సాలెంకి తమ్ముడు, రబాబ్‌కి బాబాయి. బాబాయికి పిల్లనెలా ఇస్తాం?

డెబ్బై ఐదేళ్ళు ఆ ఇంటి ఎదురుగా బతికాను. ఎవరూ ఒక్కసారి అన్నా అని పిలవలేదు, మామా అని పిలవలేదు. తిబ్రా చచ్చిపోతే శవం వెంట ఒక్కడు రాలేదు. ఇవాళ పెళ్ళి ఆపాల్సి వచ్చేసరికి బంధుత్వం గుర్తొచ్చింది!

తిబ్రాని అడుగుదామంటే నాలుగేళ్ళుగా మట్టిలో ఉంది. ఆ రోజుల్లో నేను గఫ్సాలో ఫాస్ఫేట్ గనుల్లో ఉన్నాను, పండక్కి ఒకసారి ఇంటికొచ్చేవాడిని. నువ్వే ఊళ్ళో డిస్పెన్సరీలో ఉన్నావు. ఒక్క మాట రాయి: తిబ్రా ఆ ఇంటి పిల్లాడికి పాలిచ్చిందా, లేదా?

జల్లూల్ టాక్సీ హారన్ కొడుతున్నాడు. ఉంటాను.

మర్జూక్.


స్ఫాక్స్
మే 9

తమ్ముడూ,

ఇచ్చింది. ఎనిమిది నెలలిచ్చింది. నా కళ్ళతో చూశాను. జనైనాకి, అదే హాజీ పెళ్ళానికి, పాలు పడలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పెరటి గుమ్మంలోంచి బిడ్డని పంపేవాళ్ళు. ఎవరూ చూడకుండా పైన దుప్పటి కప్పి, రొట్టెల బుట్టలో పెట్టి.

అడిగావు కాబట్టి చెప్పాను. ఇది అల్లా మన మంచికే చేశాడనుకో. పిల్లని వాళ్ళ గుమ్మం తొక్కొద్దన్నాను కదా. తొక్కే అవసరం లేకుండా పోయింది.

రోజాలు మొదలయ్యాయి. నా మోకాలు వంగట్లేదు, కుర్చీలో కూర్చుని నమాజు చదువుకుంటున్నాను. నువ్వు ఖర్జూరాలు ఎక్కువ తినకు, చక్కెర వ్యాధి ఉంది.

అక్క.


ఐన్ రతీబా
మే 20

ఉమ్‌హనీకి,

ఈసారి సలాం లేదు. కోపం చల్లారాక పెడతాను.

పిల్ల నీ ఉత్తరం చదివింది. "బాబాయిని చేసుకోలేం కదా తాతా" అని నవ్వింది. ఆ నవ్వు నువ్వు చూడాల్సింది. తర్వాత వెళ్ళి ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమింది, తోమినవే మళ్ళీ తోమింది. అబ్బాయి బస్సు ఎక్కడం మానేశాడు, నడిచి మెయిన్‌రోడ్డు దాకా వెళ్తున్నాడట.

నిన్న సాయంత్రం అసర్ నమాజయ్యాక మసీదు మెట్ల మీద పెద్దింటి లసాద్ నిలబడి అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? "వాళ్ళ డోలు గుమ్మం బయట ఉన్నంతసేపే వినసొంపు. రక్తం వేరు, మూలం వేరు. అల్లా కాపాడాడు." షేక్ బూరావీ ముఖం తిప్పుకున్నాడు. మిగతావాళ్ళు చెప్పులు వెతుక్కున్నారు. ఇంతమందికి ఒకేసారి చెప్పులు కనపడకపోవడం నేనెప్పుడూ చూడలేదు. నేను ఒక్కణ్ణే నిలబడ్డాను. "సీదీ" అనకుండా, "ఒరే లసాద్, ఆ మాట మళ్ళీ అను," అన్నాను. అన్నాడు. నేను కొట్టలేదు, రోజాలో ఉన్నాను. కానీ ఆ మాట మడిచి జేబులో పెట్టుకున్నాను.

నీ సంగతి చెప్పనా? నువ్వు ముందే వద్దన్నావు. నేను సాక్ష్యం అడిగితే వాళ్ళకి కావలసిన సాక్ష్యమే రాశావు. ఊళ్ళో ఉన్నప్పుడు జనైనా నీకు బంగారు కమ్మలు పెట్టింది. ఆ బంగారం చెవులకి వేలాడుతుంటే ఇంకేం వినపడుతుంది నీకు?

మర్జూక్.


స్ఫాక్స్
మే 28

మర్జూక్‌కి,

ఆ కమ్మలు నేను ఒక్కరోజూ పెట్టుకోలేదు. పెట్టెలో ఉన్నాయి. నువ్వు పోయాక నీ కూతురికిద్దామనుకున్నా, ఇప్పుడు నువ్వు పోకముందే ఇచ్చేస్తాను.

నీకు కోపమొస్తే లెక్క తప్పుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే. ఇంతకీ నాకొకటి అర్థం కాలేదు. లసాద్ మెట్ల మీద నిలబడి పెళ్ళి వద్దని అరిచాడన్నావు. పెళ్ళికొడుకే పెళ్ళి వద్దంటే నీకెందుకురా గొడవ? మొన్న మిఠాయి పెట్టె తెచ్చాడంటావు, ఇవాళ రక్తం వేరన్నాడంటావు. వాడికి మతి చలించిందా, నీకా? ఆ పిల్లాడు పుట్టినప్పుడే పెంకివాడు. తిబ్రాని కొరికేవాడు. ఆవిడ ఏడుస్తూనే పాలిచ్చేది. "పోనీ వదిలెయ్" అంటే, "ఆకలి బిడ్డ వదినా, వీడికేం తెలుసు ఎవరి రొమ్మో" అనేది.

నీకు గుర్తుండదు, గనుల్లో ఉన్నావు. నెలకోసారి డిస్పెన్సరీలో నేనే తూచేదాన్ని. ఒక పళ్ళెంలో నీ కూతురు జాజియా, ఇంకో పళ్ళెంలో లసాద్. నెల తిరిగేసరికి వాడు బరువెక్కేవాడు, జాజియా అలాగే ఉండేది. "నీ బిడ్డ పాలు కూడా వీడే తాగేస్తున్నాడే" అని తిట్టేదాన్ని. అటు జనైనా ఒకటే ఏడుపు, మొదటి కాన్పు, వారసుడు, నల్లదాని పాలు తాగాడని తెలిస్తే అత్తగారు చంపుతుందని.

నన్ను అనుమానించావు. బాధపడ్డాను. ఈ ఉత్తరం జల్లూల్‌కి ఇవ్వకూడదనుకున్నా, మళ్ళీ ఇచ్చాను.

నీ అక్క, ఇంకా.


ఐన్ రతీబా
జూన్ 1

అక్కా! అక్కా! సలాములు, వంద సలాములు, మొన్న ఎగ్గొట్టినవి కూడా కలిపి!

జల్లూల్ టాక్సీ ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు, గబగబా రాస్తున్నా. పెళ్ళికొడుకు లసాద్ కాదు. వాడి తమ్ముడు, ఆనిస్. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. నువ్వు ఊరొదిలిన ఏడాదికి పుట్టాడు, నీకు వాడి మొహం కూడా తెలీదు. తప్పు నాదే. "హాజీ కొడుకు" అని రాశాను, "ఆ ఇంటి పిల్లాడు" అని రాశాను, ఒక్కసారీ పేరు రాయలేదు. డెబ్బై ఐదేళ్ళు వాళ్ళ పేర్లు పలకడానికి భయపడ్డ అలవాటు చేతివేళ్ళకి కూడా పట్టేసింది చూడు.

జాజియాకి ముప్పై మూడు. లసాద్‌కి ముప్పై మూడు. ఆనిస్ పుట్టేనాటికి జాజియా నాలుగేళ్ళది, గోడలెక్కి దూకుతోంది, తిబ్రా దగ్గర పాలెక్కడివి? సొంత కూతురి వయసు వేళ్ళ మీద లెక్కపెట్టుకోలేని ముసలాణ్ణి నేను. మనవరాలేమో లెక్కల టీచరు!

అంటే హాజీ అబద్ధమాడాడు. పెద్దవాడు మా పాలు తాగాడన్నది దాచి, అదే పాలు చిన్నవాడి నోట్లో పోశాడు.

నువ్వు చూసింది చూసినట్టు రాసి, మునిసిపాలిటీ ఆఫీసులో సంతకానికి ముద్ర వేయించి పంపు. తొందరగా!

మర్జూక్.


స్ఫాక్స్
జూన్ 12

తమ్ముడూ,

తొందరగా అన్నావు. నాకు మూడురోజులు అడ్డమొచ్చాయి. ఎందుకో చెబుతాను, కోప్పడకు.

నేను ఊరెందుకొదిలానో నువ్వెప్పుడూ అడగలేదు. స్ఫాక్స్‌లో ఉద్యోగమొచ్చింది కదా అనుకున్నావు. నేనే అడిగి మార్పించుకున్నాను. బిడ్డ పాలు మానేసిన రోజు జనైనా నన్ను పిలిచి, కురాన్ మీద చెయ్యి వేయించి, ఈ సంగతి ఊళ్ళో చెప్పనని ఒట్టు వేయించుకుంది. కమ్మలు అందుకే. ఆ తర్వాత రోజూ ఆ వీధిలో నడుస్తూ, ఆ పిల్లాడు నీ జాజియాని "ఏయ్ నల్లపిల్లా" అని పిలుస్తుంటే వింటూ, నోరు మూసుకుని బతకడం నావల్ల కాలేదు. ఒక పళ్ళెంలో వాణ్ణీ, ఒక పళ్ళెంలో దాన్నీ తూచినదాన్ని నేను.

నీకు రాయడం వేరు, నువ్వు ఇంటివాడివి. ఊరికి చెప్పడమంటే ఒట్టు తప్పడం. ఇక్కడి షేక్‌ని అడిగాను. ఒట్టు విడవాలంటే పదిమంది పేదలకి అన్నం పెట్టు, లేదా మూడురోజులు ఉపవాసముండు అన్నాడు. నేనే పేదదాన్ని, ఎవరికి పెడతాను? పండగెళ్ళిన మర్నాటి నుంచి మూడురోజులు ఉన్నాను. అందరూ సేమియా, బాదం మిఠాయి తింటున్నారు, నేను చూస్తున్నాను. కోడలు గోల పెట్టింది. చెవుడు ఉండటం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది.

కాగితం ఇందులో పెట్టాను. మునిసిపాలిటీలో గుమస్తా చదివి తలెత్తి నన్ను చూశాడు. "ఇది ఇప్పుడెందుకు హాజ్జా, ముప్పై మూడేళ్ళ తర్వాత?" అని కాగితం మీద రాసి చూపించాడు. "ముప్పై మూడేళ్ళు ముద్ర కోసం క్యూలో నిలబడ్డాను నాయనా, కొట్టు," అన్నాను. కొట్టాడు.

కమ్మలు కూడా పంపుతున్నాను. జనైనా చేతిలో పెట్టు. ఉమ్‌హనీ బాకీ లేదని చెప్పు. నేను వద్దన్న పెళ్ళి ఇప్పుడు జరక్కపోతే నేనూరుకోను.

నీరసంగా ఉన్నా నిటారుగా కూర్చున్న
నీ అక్క.


ఐన్ రతీబా
జూన్ 30

అక్కా,

ఇది కాస్త పొడుగుత్తరం. మోకాలికి నూనె రాయించుకుంటూ చదువు.

శుక్రవారం షేక్ బూరావీని వెంటబెట్టుకుని పెద్దింటికి వెళ్ళాను. నా కాళ్ళు అలవాటు కొద్దీ పెరటి వైపు తిరిగాయి. నాలుగడుగులు వేశాక తెలుసుకుని ఆగాను. "ఎటు మర్జూక్?" అన్నాడు షేక్. "దారి తప్పాను, డెబ్బై ఐదేళ్ళుగా," అన్నాను. వెనక్కి తిరిగి ముందు గుమ్మం తట్టాను. ఆ తలుపు మీద ఇనప మేకులు పువ్వుల్లా కొట్టారక్కా, చాలా బాగున్నాయి. ఎప్పుడూ ఇంత దగ్గర్నుంచి చూడలేదు.

హాజీ, లసాద్ నడవలో కూర్చుని టీ తాగుతున్నారు. ఆనిస్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పిల్లాడు చిక్కిపోయాడు. నేను నిలబడతాననుకున్నారు. నేను కూర్చున్నాను. షేక్ నీ కాగితం చదివాడు. లసాద్ పేరొచ్చిన చోట ఆగి, మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

హాజీ ముఖం గోడకి కొట్టిన సున్నంలా అయింది. "స్ఫాక్స్‌లో ఒక చెవిటి ముసల్ది రాస్తే నమ్ముతారా? ఆడవాళ్ళకేం తెలుసు!"

షేక్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "హాజీ, పాల విషయం ఆడవాళ్ళకి తెలీకపోతే నాకు తెలుస్తుందా?"

లసాద్ లేచాడు. "వీళ్ళని బయటికి పంపండి నాన్నా. నేనా? నేను దాని..."

"దాని అనకు," అన్నాను. "అనేముందు ఆగు. తర్వాత నాలుక కొరుక్కోవాల్సొస్తుంది. చిన్నప్పుడు కొరికింది చాలు."

తర్వాత హాజీతో అన్నాను. ఆ మాటలు వారం రోజులుగా కోళ్ళకి మేత వేస్తూ సాధన చేశాను, కోళ్ళకి బాగా నచ్చాయి. "హాజీ అమ్మార్, రెండే దారులు. లసాద్ తిబ్రా పాలు తాగాడంటారా, వాడు నా కొడుకు, రబాబ్‌కి బాబాయి. ఆనిస్ తాగలేదు కాబట్టి పెళ్ళికి అడ్డం లేదు. లేదూ, మీ ఇంట్లో ఎవ్వరూ మా పాలు తాగలేదంటారా, అప్పుడు అసలే అడ్డం లేదు. మీకు ఏది కావాలో మీరే ఏరుకోండి. నేను తొందరపెట్టను, ఇంకో గ్లాసు టీ తాగుతాను."

టీ ఎవరూ పొయ్యలేదు. పరదా కదిలింది. జనైనా వచ్చింది. బాగా ముసలిదైపోయిందక్కా, నీకంటే. నేను కమ్మలు తీసి ఆవిడ చేతిలో పెట్టి, నువ్వు చెప్పమన్నది చెప్పాను. ఆవిడ వాటిని చాలాసేపు చూసింది. భర్త వైపు చూడలేదు. "రొట్టెల బుట్టలో పంపేదాన్ని," అంది లసాద్‌తో. "ఖాళీ కడుపుతో వెళ్ళేవాడివి, నిద్రపోతూ తిరిగొచ్చేవాడివి. ఆవిడ లేకపోతే నువ్వు లేవు. పాలు తాగింది నువ్వే. ఆనిస్‌కి నాకే పాలున్నాయి."

హాజీ లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆనిస్ గోడకి ఆనుకునే ఉన్నాడు, కానీ కళ్ళు తుడుచుకుంటున్నాడు. లసాద్ చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. తాగనూ లేదు, పెట్టనూ లేదు. మేం వచ్చేటప్పుడు కూడా అలాగే ఉన్నాడు.

నేను ముందు గుమ్మంలోంచే బయటికొచ్చాను. రెండోసారి అలవాటైపోయింది.

నీ తమ్ముడు.


స్ఫాక్స్
జూలై 9

ఒరే తమ్ముడూ,

ఉత్తరం కోడలికి చదివి వినిపించాను. ఆవిడ ఏడ్చింది, నేను ఏడవలేదు. ఆక్టోపస్ నానబెట్టడానికి లేచాను.

నువ్వు మరీ ఎగరకు. గెలిచింది కాగితం. ఊరు ఇంకా ఊరే. హాజీ లోపలికి వెళ్ళిపోయాడన్నావు, లోపలున్నవాళ్ళు ఊరికే ఉండరు.

పెళ్ళికి నేను రాలేను, మోకాలు మడవనివ్వట్లేదు. కానీ ఒకటి. ఆ పిల్లాడు, లసాద్, వాడికి ఆకలిబిడ్డ అని పేరు పెట్టింది తిబ్రా. కొడుకు అన్నావు, నోటిమాట కోసమా, నిజంగానా? నిజంగా అయితే వాణ్ణి గుమ్మంలో నిలబెట్టకు. నిలబెడితే మనకీ వాళ్ళకీ తేడా లేదు. ఊరికే లోపలికి రానిచ్చినా ఒప్పుకోను. మసీదు మెట్ల మీద అన్న మాటకి జవాబు కావాలి నాకు.

ఉమ్‌హనీ.


ఐన్ రతీబా
ఆగస్టు 27

ఉమ్‌హనీ అక్కకి, పెళ్ళివారి సలాములు.

నీ జవాబు ముందు ఇస్తాను, తర్వాత మిఠాయి.

జూలై చివర్లో, మిట్టమధ్యాహ్నం, కుక్కలు కూడా నీడ వెతుక్కునే వేళ, లసాద్ వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. "ముప్పై మూడేళ్ళు ఆలస్యంగా వచ్చావు. చెప్పులు విప్పి లోపలికి రా," అన్నాను. వచ్చాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియక చూస్తుంటే జాజియా చాప పరిచింది. వాళ్ళిద్దరూ ఒకర్నొకరు చూసుకోవడం నువ్వు చూడాల్సింది, తూచినదానివి నువ్వే కదా.

"ఆవిడ ఫొటో ఉందా?" అన్నాడు.

గుర్తింపు కార్డు ఫొటో ఒక్కటే ఉంది. ఇచ్చాను. చాలాసేపు చూశాడు. "నేను మసీదు దగ్గర..." అని మొదలుపెట్టాడు.

"ఆపు," అన్నాను. "విన్నాను. ఊరంతా విన్నారు. ఇక్కడ చెబితే నేనూ, నాలుగు కోళ్ళూ వింటాం. ఎక్కడ అన్నావో అక్కడే చెప్పు."

ఫొటో చాప మీద పెట్టి వెళ్ళిపోయాడు. రెండు శుక్రవారాలు గడిచాయి. రాడనుకున్నాను. మూడో శుక్రవారం నమాజయ్యాక అదే మెట్టు మీద నిలబడ్డాడు. "నన్ను బతికించింది తిబ్రా. మర్జూక్ నా పాలతండ్రి. నేనన్న మాట తప్పు." అంతే. సగంమంది మళ్ళీ చెప్పులు వెతుక్కున్నారు. సగంమంది నిలబడ్డారు. నలుగురైదుగురు వచ్చి నాకు చెయ్యి ఇచ్చారు. హాజీ రాలేదు, ఆరోజూ రాలేదు, పెళ్ళికీ రాలేదు.

పెళ్ళి నిన్న అసర్ తర్వాత మన వాకిట్లో. వంద కుర్చీలు వేశాం, యాభైకి పైగా ఖాళీ. రబాబ్ లెక్కపెట్టి, "సగం తాతా," అంది. "సగమే అని ఏడవకు, సగమని రాసుకో. నాన్న కాలంలో గాడిదల పాక తప్ప మనకి కుర్చీయే లేదు," అన్నాను. జనైనా వచ్చింది, ముందు వరసలో కూర్చుంది. షేక్ ఇద్దరి పేర్లూ చదివి నిఖా చేశాడు. ఆనిస్ చెవులు మళ్ళీ దానిమ్మ పువ్వులు.

ఇక ఊరేగింపు. సన్నాయి వాడు పళ్ళు కట్టించుకుని వచ్చాడు, పెదవి మీద పెట్టుకుని నావైపు చూశాడు. అందరూ నావైపు చూశారు. రబాబ్‌కిచ్చిన మాట ప్రకారం నేను ముందే చెప్పాను, ఈ పెళ్ళిలో నేను డోలు ముట్టను, కూర్చుంటాను. డోలు మధ్యలో చాప మీద ఒంటరిగా ఉంది. మావాళ్ళ కుర్రాళ్ళెవరూ ముట్టలేదు, వాళ్ళకీ రబాబ్ ముందే చెప్పింది. డోలు లేకుండా మన వీధిలో పెళ్ళికూతురు గడప దాటదు కదా. వాకిలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నీకు బాగా వినపడి ఉండేది.

అప్పుడు లసాద్ లేచాడు. "బాబాయిని నేనున్నాను కదా," అన్నాడు. ఎవరితోనో కాదు, తనతోనే. వెళ్ళి డోలు ఎత్తాడు. పట్టీ మెడకి తిరగేసి తగిలించుకున్నాడు. సాలెం నవ్వు ఆపుకోలేక వెళ్ళి సరిచేశాడు.

అక్కా, అంత ఘోరమైన దరువు నేను జన్మలో వినలేదు. సన్నాయి ఒకచోట, డోలు ఇంకోచోట. గాడిద మెట్లు దిగుతున్నట్టుంది. చెమటతో చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఆపలేదు. రబాబ్ గడప దాటింది. జనైనా చప్పట్లు కొట్టింది. జాజియా పక్కన నడుస్తూ వాడికి "ఇప్పుడు కొట్టు, ఇప్పుడు కొట్టు" అని చెబుతోంది.

నా చేతులు ఎంత దురదపెట్టాయో నీకు చెప్పలేను. రెండూ తొడల కింద పెట్టుకుని, ముందు వరసలో, కుర్చీలో, పెళ్ళి అయిపోయేదాకా కూర్చున్నాను. లేవలేదు.

నీ తమ్ముడు,
మర్జూక్.